బావగారి జవాబులు

సోమవారం ఉదయం ఏడు కావస్తున్నా డిపోలోంచి బండ్లు కదల్లేదు. సమ్మె లేదు, డీజిలు కొరత లేదు, వాన కూడా లేదు. డ్రైవర్ల గదిలో గోడకున్న యంత్రం నలభై మందిలో ముప్పై ఒక్కమందికి మనసు బాగాలేదని తేల్చి చీటీలు చేతిలో పెట్టింది. ముప్పై పసుపువి, ఒకటి ఎర్రది.

ఆ యంత్రం వచ్చి ఏడాదిన్నర అయింది. పలకంత తెర, దాని కింద టిక్కెట్లు కొట్టే మిషను లాంటి చిన్న ప్రింటరు. డ్యూటీ ఎక్కేముందు ప్రతి డ్రైవరూ, టైమ్ కీపరు కూడా, తన నంబరు నొక్కి దానితో ఓ రెండు నిమిషాలు మాట్లాడాలి, అంటే రాసి మాట్లాడాలి. నిన్న ఎలా గడిచిందని అడుగుతుంది. నిద్ర పట్టిందా అంటుంది. మనం రాసింది చదివి, దాన్నిబట్టి ఇంకోటి అడుగుతుంది. ఏదీ మరిచిపోదు. ప్రతి సోమవారం వేలిముద్ర వేసినప్పుడు, బాగున్నవాళ్ళకి ఆకుపచ్చ చీటీ ఇచ్చి పంపేస్తుంది. ఎవరికైనా సాయం కావాలనిపిస్తే పసుపు చీటీ ఇస్తుంది. ఏ కౌన్సిలర్ని కలవాలో, ఎక్కడ, ఎప్పుడు కలవాలో అందులో ఉంటుంది. ఎరుపు మాత్రం సోమవారం దాకా ఆగదు, ఏ రోజుకారోజే వస్తుంది. మేనేజరుకి తెలిసేది రంగు ఒక్కటే. రాసిన మాటలు చీటీ అందుకున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనిపించవు. పెట్టినవాళ్ళు మంచి బుద్ధితోనే పెట్టారు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. కాకపోతే ఎంతో మర్యాదగా క్షేమసమాచారాలన్నీ అడిగి చివరికి ఏదో ఒక లోటు పట్టుకుంటుంది కనక డిపోలో దాన్ని వియ్యపురాలు అంటారు.

గదిలో ఆ ఉదయం నవ్వులే నవ్వులు. భయపడ్డవాళ్ళు కూడా పక్కవాడికీ చీటీ వచ్చిందని తెలిశాక నవ్వడం మొదలెట్టారు.

"వియ్యపురాలికి మతి పోయిందిరోయ్" అన్నాడు ఒకడు.

"పోయింది మనకని కదా అది చెప్పేది" అన్నాడు ఇంకొకడు.

పదిహేడక్క అప్పుడే లోపలికి వచ్చింది. ఆమె నడిపేది పదిహేడో నంబరు బండి. అందుకని తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆమెని పదిహేడక్క అనే పిలుస్తారు. ఆమె వేలిముద్ర వేసింది, ఆకుపచ్చ వచ్చింది. నిరుడు ఆమెకీ పసుపు వచ్చింది. అప్పటికి అక్క పోయి రెండు నెలలు. నిద్ర లేదని, స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని ఉన్నదున్నట్టు రాసింది. నాలుగు రోజులు బండి దిగి కూర్చుంది, ఆరు వారాలు కౌన్సిలరు దగ్గరికి వెళ్ళింది, ఏడ్చింది, కోలుకుంది. డిపోలో కొందరు తల పక్కన వేలు తిప్పి చూపించారు. ఆమె ఏం చేసిందనుకున్నారు? ఆ పసుపు చీటీని తన బండిలో, అద్దం పక్కన, ఎక్కేవాళ్ళందరికీ కనబడేట్టు అతికించింది. అడిగినవాళ్ళకి వివరంగా చెప్పింది కూడా. తర్వాత వేళ్ళు తిప్పడం ఆగిపోయింది.

కానీ పసుపంటే భయం మాత్రం డిపోలో పోలేదు. చంటిపిల్లకి పళ్ళొస్తూ రాత్రంతా ఏడుస్తోందని, తనకి నిద్ర లేదని రాసిన పాపానికి ఒక డ్రైవరు పదిహేను రోజులు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. ఆ వారంలోనే టైమ్ కీపరు ముందుకొచ్చాడు. "మీకు రాయడం చేతకాదురా. నంబర్లు నాకిచ్చెయ్యండి, దాని సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. వేలిముద్ర అడిగేది చీటీకి మాత్రమే, మాటలకి నంబరు చాలు. అంత తెలివిగల యంత్రం చేసినవాళ్ళు ఆ సందు ఎందుకు వదిలారో వాళ్ళకే తెలియాలి. అప్పటినుంచీ తెల్లవారకముందే డిపోకి వచ్చి, ముప్పై ఒక్కమంది తరఫున ఆయనే వియ్యపురాలితో మాట్లాడుతున్నాడు. మేనేజరుకి తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. ఈ సోమవారం దాకా వాళ్ళలో ఒక్కరికీ పసుపు రాలేదు.

ఆ టైమ్ కీపరు పదిహేడక్కకి బావ, పోయిన అక్క భర్త. ఆమె బావా అని పిలవడం విని డిపో మొత్తం ఆయన్ని బావగారూ అనడం అలవాటు చేసుకుంది. పదకొండేళ్ళుగా గేటు పక్క కిటికీలో కూర్చుని, ఏ బండి ఎన్నింటికి బయటికి వెళ్ళిందో దాని షీటు మీద వేసి పంపుతాడు. ఆయన టైము వెయ్యకపోతే గేటు దాటడానికి లేదు. ప్రతి షీటుతో పాటు ఒక జోకు ఇచ్చి పంపుతాడు. భార్య పోయిన పదో రోజునే వచ్చి కిటికీలో కూర్చున్నాడు, ఆ రోజూ జోకులు వేశాడు. గుండె గట్టి మనిషి అన్నారందరూ. పదిహేడక్క కూడా అలాగే అనుకుంది.

"అక్కా, ఇది విను" అంటూ ఒక డ్రైవరు తన పసుపు చీటీ పైకి చదివాడు. "ఇంట్లో ఎవరూ లేకపోయినా వంటింట్లో రేడియో ఆపడం లేదని రాశారు. ఆపితే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందన్నారు." చదివి నవ్వాడు. "మా ఇంట్లో నలుగురు పిల్లలక్కా. నిశ్శబ్దం ఎక్కడన్నా అమ్మితే నేనే కొనుక్కుంటాను."

"నాది చూడు" అన్నాడు ఇంకొకడు. "మంచానికి ఒక పక్కనే పడుకుంటున్నట్టు, రెండో పక్క దుప్పటి మడత విప్పనట్టు రాశారు. మా ఆవిడ చూస్తే నా పని అయిపోతుంది."

మూడోవాడు నవ్వకుండా చదివాడు. "ఆమె కళ్ళజోడు రోజూ తుడిచి పెడుతున్నానని రాశారు. ఒక పక్క దారం కట్టి ఉందని, అది మార్చబుద్ధి కావడం లేదని అన్నారు." తల గోక్కున్నాడు. "మా ఆవిడకి కళ్ళజోడే లేదు."

పదిహేడక్క చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆ దారం కట్టింది ఆమే. పుల్ల విరిగితే బాగు చేయించేదాకా ఆగమని, ఎర్రదారంతో చుట్టి ఇచ్చింది. అక్క నవ్వి అదే పెట్టుకుని తిరిగింది, చివరిదాకా.

"ఎర్ర చీటీ ఎవరికైనా వచ్చిందా?" అంది.

అందరూ పెళ్ళికొడుకుని చూపించారు. ఇంకో పది రోజుల్లో పెళ్ళి ఉన్న కుర్ర డ్రైవరు అతను, నేల మీద కాళ్ళు ఆనడం లేదు. జేబులోంచి చీటీ తీసి సిగ్గుపడుతూ ఇచ్చాడు. ఆమె చదివింది.

"నేను లేకపోయినా బండ్లు టైముకే బయల్దేరతాయి అని ఈరోజు పొద్దున రాశారు. ఆ మాట చదివాక మీ గురించి ఆందోళనగా ఉంది. ఈరోజే ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఒంటరిగా వెళ్ళకండి, మీవాళ్ళు ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి."

కింద కౌన్సిలరు చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి.

పదిహేడక్క ఆ చీటీ పెళ్ళికొడుక్కి తిరిగివ్వలేదు. ఆదివారం ఆదివారం బావ ఇంటికి వెళ్తూనే ఉంది. ఎలా ఉన్నావంటే, రాయిలా ఉన్నానన్నాడు. నమ్మింది. పోయిన గురువారం అక్కాబావల పెళ్ళిరోజు, ముప్పై ఏళ్ళు నిండేవి. ఫోను చేద్దామనుకుని, డ్యూటీలో మరిచిపోయింది. తోడబుట్టినదాని మొగుణ్ణి తను పట్టించుకోలేదు, గోడకి వేలాడే యంత్రం పట్టించుకుంది. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది.

"నవ్వింది చాలు" అంది. "వియ్యపురాలికి మతి బాగానే ఉంది. ఈ మాటలు మీవి కావు. ఎవరు రాశారో ఆయనవి. మీ మీ పేర్లతో రాసుకున్నాడు. ఇంకా విడమర్చి చెప్పాలా?"

మూడోవాడు తన చీటీని మళ్ళీ చదువుకున్నాడు. ఈసారి పైకి కాదు.

"మన తలనొప్పి ఆయన నెత్తిన పడేసి, ఇన్నాళ్ళూ హాయిగా టీలు తాగామక్కా" అన్నాడు నలుగురు పిల్లల తండ్రి.

ఆమె ఎర్ర చీటీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఏం పిల్లా, ఈరోజు ఒక్కరూ కదలరే" అన్నాడు బావ, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి. ఆయన ఆ ఇంటి అల్లుడయ్యేనాటికి ఆమెకి పదేళ్ళు. ఇప్పటికీ పిల్లా అనే అంటాడు. "మీ వియ్యపురాలు అలిగిందట కదా."

ఆమె చీటీ ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. చదవడానికి పట్టాల్సినదానికంటే ఎక్కువసేపు చూశాడు.

"పెళ్ళికొడుకుదా. పెళ్ళి దగ్గర పడుతోంది కదా, భయం వేసుంటుంది పాపం."

"వాడికి బండ్ల టైము గొడవ ఎందుకు బావా? వాడు జన్మలో టైముకి వచ్చాడా?"

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "కథలే అవన్నీ. అందరికీ ఒకేలా రాస్తే అది పట్టేస్తుంది. అందుకని ఒక్కొక్కడికీ ఒక్కోటి ఊహించి రాశాను."

"అక్క కళ్ళజోడు కూడా ఊహించావా?"

ఆయన లేచి షీట్లు సర్దడం మొదలెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. తర్వాత సొరుగులోంచి తన చీటీ తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. "నాది చూడు. ఆకుపచ్చ."

"నీ నంబరు మీద ఏం రాశావ్?"

"బాగున్నాను. పడుకున్నాను. అంతకంటే ఏముంటుంది?"

"అంటే నీ నంబరు మీద అబద్ధం రాసి, వాళ్ళ నంబర్ల మీద నిజం రాశావు."

ఆయనకి కోపం వచ్చింది. అక్క పోయాక ఆయన కోపం చూడటం ఆమెకి అదే మొదలు. "అయితే ఏం చెయ్యమంటావ్? ఈ వయసులో ఎవరిముందో కూర్చుని, నా పెళ్ళాం పోయిందండీ, ఇంటికెళ్ళబుద్ధి కావట్లేదండీ అని చెప్పుకోమంటావా? రెండేళ్ళలో రిటైరవుతాను. ఇన్నేళ్ళూ నా మొహం చూసి నవ్వినవాళ్ళు రేపట్నుంచి జాలిపడతారు. నాకొద్దు."

"పడనీ. నా మీదా పడ్డారు. కరిగిపోయానా?"

"నువ్వు వేరు."

"ఏం వేరు? నాకు మొండితనం నేర్పింది నువ్వే. సైకిలు మీంచి పడితే, ఎవరన్నా నవ్వితే నువ్వూ నవ్వు, కానీ మళ్ళీ ఎక్కు అన్నది ఎవరు?"

ఆయన జవాబు చెప్పేలోగా గేటు దగ్గర మైకు గరగరమంది. డ్రైవర్లందర్నీ ఆవరణలోకి రమ్మంటున్నాడు మేనేజరు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. పై ఆఫీసు నుంచి అరగంటలో పదకొండు ఫోన్లు వచ్చిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. చొక్కా అప్పటికే తడిసిపోయింది. "యంత్రం పాడైంది. ఒకేసారి ముప్పై ఒక్కమందికి మనసు బాగుండకపోవడం ఎక్కడైనా ఉంటుందా? పై ఆఫీసుతో మాట్లాడాను. ఈరోజు చీటీలన్నీ చెరిపేస్తారు. మీ చేతుల్లోవి ఇక్కడిచ్చేసి బండ్లెక్కండి. సాయంత్రం అందరూ మళ్ళీ రాద్దురుగాని. ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు రాస్తున్నారని కూడా నాకు అనుమానంగా ఉంది. ఆ పేరేదో చెప్పేస్తే మిగతావాళ్ళ జోలికి రాను."

కిటికీలోంచి బావ మొహం కనిపిస్తోంది. చెరిపేస్తారన్న మాట వినగానే ఆ మొహం తేలికపడింది. అది చూసేసరికి పదిహేడక్కకి ఒళ్ళు మండింది. చీటీలు చెరిగిపోతే, రేపు మళ్ళీ తెల్లవారకముందే వచ్చి కూర్చుంటాడు. ఈసారి జాగ్రత్తగా రాస్తాడు. వియ్యపురాలిక్కూడా ఇంకెప్పటికీ ఏమీ తెలియదు.

ఆమె ముందుకొచ్చింది. "చీటీలు ఇవ్వరు సార్."

"నీకు రాలేదు కదమ్మా. నువ్వెందుకు మాట్లాడుతున్నావ్?"

"నాకు నిరుడే వచ్చింది. నా బండిలో అతికించాను, ఎప్పుడైనా ఎక్కి చూడండి." గది గుమ్మం పక్కన అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేట్టు చదివింది. "పసుపు గాని ఎరుపు గాని చీటీ వచ్చిన డ్రైవరు, కౌన్సిలరు సంతకం లేకుండా బండి నడపరాదు. కింద మీ సంతకం ఉంది. మేము రాసుకున్న రూలు కాదిది."

"యంత్రం తప్పు చేసిందంటుంటే..."

"చేసిందో లేదో కౌన్సిలరు చెప్తుంది. అది మీ పని కాదు, నా పనీ కాదు. ఇప్పుడు వీళ్ళని మీరు బలవంతాన బండెక్కించారే అనుకోండి, దారిలో ఎవరికేమైనా ఎవరు జవాబు చెప్తారు? ఎక్కమని కాగితం మీద రాసివ్వండి, ఎక్కుతారు."

మేనేజరు రాసివ్వలేదు. ఏ మేనేజరూ రాసివ్వడు. "మరి ఆ పేరు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పేర్లు చీటీల మీదే ఉన్నాయి. ముప్పై ఒకటి" అన్నాడు నలుగురు పిల్లల తండ్రి. చేతిలోని చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. పక్కవాడూ దాచుకున్నాడు. తర్వాత అందరూ. ఆకుపచ్చ వచ్చిన ఎనిమిదిమంది, ఆస్పత్రి మీదుగా, బడుల మీదుగా వెళ్ళే బండ్లు తాము తీస్తామన్నారు. మిగతా ఊరు ఈ ఒక్క పూటా మేనేజర్ని తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

పదిహేడక్క తన బండిని గేటు దాకా తెచ్చి ఆపింది. ముందు బోర్డు మీద స్పెషల్ అని పెట్టింది. ముప్పై ఒక్కమంది డ్రైవర్లు, జన్మలో మొదటిసారి సీట్ల కోసం తోసుకుంటూ ఎక్కారు. ఆమె ఎర్ర చీటీ పెళ్ళికొడుక్కి తిరిగిచ్చి, షీటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"టైము వెయ్యి బావా."

"ఎక్కడికి?"

"తెలీనట్టు అడక్కు."

ఆయన పెన్ను పట్టుకున్నాడు గాని రాయలేదు. "నేను రాను పిల్లా. ఇక్కడ కిటికీలో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. నువ్వు లేకపోయినా బండ్లు టైముకే బయల్దేరతాయని కదా రాశావు? గడియారం చూడు. ఏడు ముప్పావు దాటింది. పొద్దున్నుంచీ ఒక్క బండి బయల్దేరలేదు. ఎవరివల్ల?" ఆమె షీటు ఆయన ముందుకి తోసింది. "అక్కని ఎలాగూ ఆపలేకపోయాం బావా. నిన్ను పోనివ్వను. నాకు కోపంగా ఉంది. నీ మీద, నా మీద, అందరి మీదా. నువ్వు బండెక్కకపోతే నేను గేటుకి అడ్డంగా ఈ బండి ఇలాగే ఉంచేస్తాను. సాయంత్రం దాకా హారన్ కొడతాను. నేను చేస్తానో చెయ్యనో నీకు తెలుసు."

ఆయనకి తెలుసు. పదేళ్ళప్పటినుంచీ తెలుసు. షీటు మీద ఏడూ యాభై రెండు అని వేశాడు. రెండు అంకె తోక పొడుగ్గా పోయింది. వెనక ఆగున్న ఎనిమిది బండ్ల షీట్లకీ టైము వేసి, కిటికీ మూసి, టోపీ తీసి లోపలే పెట్టి, బయటికి వచ్చి బండెక్కాడు. ఆయన కోసం ముందు సీటు వదిలేశారు. దారి పొడుగునా ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. ముప్పై ఒక్కమంది డ్రైవర్లు ఆమె బండి నడిపే తీరుకి మాత్రం వంకలు పెట్టారు. గేరు ఆలస్యంగా మార్చిందని ఒకడు, మలుపు పెద్దదిగా తిప్పిందని ఒకడు. ఆమె ఒక్కొక్కడికీ తగిన జవాబు చెప్పింది. అద్దంలో అక్క పెళ్ళినాటి మనిషిని వెతుక్కుంటూ బావని చూస్తూనే ఉంది. ఆయన అద్దం పక్కన అతికించిన పసుపు చీటీ చదువుతున్నాడు. ఏడాదిగా రోజూ షీటు ఇచ్చిన బండి, ఎన్నడూ లోపలికెక్కి చూడలేదు.

కౌన్సిలరు ఉండే చోటు రెండో అంతస్తు. వసారాలో ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. మిగతావాళ్ళు గోడకి ఆనుకుని మెట్ల దాకా నిలబడ్డారు. తలుపు తీసిన కౌన్సిలరు, వయసు మళ్ళిన మనిషి, ఇంతమంది ఖాకీ చొక్కాల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత పదిహేడక్కని గుర్తుపట్టి కుదుటపడింది.

"ముందు ఎర్ర చీటీ ఉన్నవాళ్ళని చూస్తాను. ఎవరది?"

పెళ్ళికొడుకు లేచాడు. వారాంతంలో కత్తిరించుకున్న జుట్టు, మెరిసే బూట్లు. ఏం చెప్పాలో తెలియకపోయినా, బండిలో అందరూ నేర్పించి తెచ్చినట్టు, గట్టిగా "నాదేనండీ" అన్నాడు. లోపలికి వెళ్ళి ఎంతసేపైనా కూర్చుంటాను, బావగారి పేరు బయటికి రానక్కర్లేదు అన్నట్టు నిలబడ్డాడు.

చెప్పాల్సినవన్నీ పదిహేడక్క అప్పటికే చెప్పేసింది. బావనే చూస్తోంది.

బావ కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోరా" అన్నాడు. "పది రోజుల్లో పెళ్ళి పెట్టుకుని అబద్ధాలేంటి. ఇలా ఇవ్వు. అది నాది."

పెళ్ళికొడుకు చీటీ ఇచ్చేశాడు. బావ వసారాలో అందర్నీ చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి గాని తల మాత్రం నిలబెట్టే ఉంచాడు. "మిగతావి కూడా నావే. అన్నీ ఇటివ్వండి. ఇంకొకళ్ళ పేరు మీద ఎంతకాలం ఏడుస్తాను."

వాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఇచ్చారు. సాయంత్రం డిపోలో షీట్లు తీసుకున్నట్టే ఆయన ఒక్కో చీటీ తీసుకుని, అంచులు కలిపి, లెక్క పెట్టుకుంటూ మెట్ల దాకా వెళ్ళాడు. ముప్పై అయ్యాయి. ముప్పై ఒకటోవాడు మెట్ల మలుపులో గోడకి ఆనుకుని ఉన్నాడు. నోట్లోంచి మాట రావడమే కష్టమని డిపోలో అతన్ని హ్యాండ్‌బ్రేకు అంటారు. బావ చెయ్యి చాపాడు. అతను చీటీ ఇవ్వలేదు.

"ఇది ఉండనివ్వండి బావగారూ" అన్నాడు. "మీరు ఊహించే రాశారేమో. నాకు సరిపోయింది."

బావ చాపిన చెయ్యి దించాడు. ఇన్నాళ్ళూ తన ముందు షీటు పెట్టి, జోకుకి నవ్వకుండా వెళ్ళిపోయిన మనిషి. బావ అతని భుజం మీద చెయ్యి వేసి, తను ఖాళీ చేసిన కుర్చీ దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

"నా తర్వాత నువ్వే. లైను తప్పకు" అన్నాడు.

ముప్పై చీటీలు పట్టుకుని లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరక్కుండానే ఎడమ చెయ్యి చాపాడు.

"రా పిల్లా. ఒంటరిగా వెళ్ళొద్దని రాసుంది కదా."